కాపలా లేని గేట్లు: ఇంటి కంప్యూటర్‌లో అక్కరలేని సేవలను మూసివేయడం

రైలు పట్టాలు పరచినది ప్రధానంగా సరకుల రవాణా కొరకే అయినా, ఆ పట్టాల మీదుగా మనుషులూ, వారి వెంట వారి భాషలూ కూడా ప్రయాణించాయి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను ఒక ముఖ్య కూడలిగా మార్చినది. 1931లో రాయపూర్ – విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికీ రాకపోకలు మరింత సులభమయ్యాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి రైల్వే కొలువులకై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దానికి ఈ నగరమే ప్రధాన కేంద్రమైనది. బిలాస్‌పూర్ జంక్షన్‌కు తూర్పు దిశగా, హౌరా వైపు పోయే మార్గం సమీపాన గల లాల్‌ఖదాన్ కూడా ఈ రైల్వే జీవనంలో భాగమే. హిందీలో ఆ పేరుకు ‘ఎర్రని గని’ అని అర్థం.

ఇటువంటి చోట నివసించే ఒక తెలుగు కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. తండ్రి రైల్వేలో గేట్‌మన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవాడు. కుమార్తె కళాశాల విద్యార్థిని. ఇంట్లో వాడుకలో ఉన్న ఒక పాత కంప్యూటర్‌లో ఆమె లినక్స్‌ను అమర్చుకున్నది. అందులో తండ్రి పింఛను కాగితాల నకళ్లు ఉన్నవి. ఆమె పరీక్షల దరఖాస్తులు, ధ్రువపత్రాలు ఉన్నవి. నాయనమ్మ చెప్పగా తెలుగులో టైపు చేసుకున్న పెళ్లిపాటలు, దంపుళ్ల పాటలు ఉన్నవి. ధ్రువపత్రం పోతే మరొక నకలు సంపాదించవచ్చును. కానీ నాయనమ్మ గతించిన తరువాత ఆ పాటలకు మరొక ప్రతి ఎక్కడా దొరకదు. ఆ యంత్రం భద్రత ఆ ఇంటికి ఎంత ముఖ్యమో దీనిని బట్టి ఊహించవచ్చును.

ఆ భద్రతకు వేయవలసిన మొదటి అడుగు మిక్కిలి సులభమైనది, ఖర్చు లేనిది. అయినా చాలామంది దానిని విస్మరిస్తారు. అక్కరలేని నెట్‌వర్క్ సేవలను మూసివేయడమే ఆ అడుగు.

లినక్స్ – భారతీయ భాషలు

ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌కు శ్రీకారం చుట్టాడు. దాని మూలరచనను ఎవరైనా చదవవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ఈ స్వేచ్ఛ వల్లనే అది భారతీయ భాషలకు అనుకూలమైన వేదిక కాగలిగినది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సీడాక్ ‘బాస్’ అనే పేరుతో భారతీయ భాషలకు అనువైన లినక్స్‌ను రూపొందించినది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తీసుకురావడానికి కృషి చేసినది. 1991లో ప్రకటితమైన భారతీయ ప్రమాణంలో చోటు చేసుకున్న ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో, ఏ మీట నొక్కితే హిందీలో ‘క’ వస్తుందో, తెలుగులోనూ ఆ మీట నొక్కితేనే ‘క’ వస్తుంది. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లకు ఒకే కీబోర్డు అన్నింటికీ ఉపకరిస్తుంది.

అయితే లినక్స్ పుట్టుక, దాని పూర్వ రూపమైన యూనిక్స్ పుట్టుక వేరు వేరు అవసరాల నుండి జరిగినవి. యూనిక్స్ విశ్వవిద్యాలయాలలో, పరిశోధనశాలలలో, ఒకే యంత్రాన్ని అనేకులు పంచుకునే వాతావరణంలో పెరిగినది. అక్కడ కంప్యూటర్ అంటే పదిమందికి సేవ చేసే యంత్రం. ఆ సంప్రదాయం లినక్స్‌కు వారసత్వంగా సంక్రమించినది. కావుననే ఒక్కరు వాడుకునే ఇంటి యంత్రంలో కూడా పదిమందికి సేవ చేయగల కార్యక్రమాలు సిద్ధంగా ఉంటాయి.

సేవ అంటే ఏమిటి? పోర్టు అంటే ఏమిటి?

కంప్యూటర్‌లో తెర మీద కనిపించే కార్యక్రమాలు కొన్ని. తెర వెనుక ఉండి, ఎవరైనా పిలుస్తారేమోనని నిరంతరం చెవి ఒగ్గి కూర్చునేవి మరికొన్ని. ఈ రెండవ తరగతిలో నెట్‌వర్క్ ద్వారా వచ్చే పిలుపులకు బదులిచ్చే వాటిని నెట్‌వర్క్ సేవలు లేదా సర్వీసులు అంటారు. ప్రింటర్‌ను ఇతరులతో పంచుకునే సేవ, ఫైళ్లను పంచుకునే సేవ, దూరం నుండి కంప్యూటర్‌లోకి ప్రవేశించి పనిచేయనిచ్చే సేవ ఇటువంటివి.

ఒక్కొక్క సేవ ఒక్కొక్క సంఖ్య గల ద్వారం వద్ద కూర్చుంటుంది. ఆ ద్వారానికే పోర్టు అని పేరు. ఈ సంఖ్యలు 0 నుండి 65,535 వరకు ఉన్నవి. దూరం నుండి ప్రవేశానికి వాడే ఎస్ఎస్‌హెచ్ సేవకు 22, తపాలా పంపకానికి 25, వెబ్‌సైటుకు 80, ప్రింటర్ సేవకు 631, ఫైళ్లను పంచే సాంబా సేవకు 139, 445 సాధారణంగా వాడుకలో ఉన్న సంఖ్యలు. ఏ పోర్టు వద్ద ఏ సేవా లేదో ఆ ద్వారం మూసి ఉన్నట్లే. వచ్చినవాడు తట్టినా పలికేవారుండరు. సేవ ఉన్న చోట మాత్రం పలుకు వస్తుంది. ఆ సేవలో లోపమేదైనా ఉంటే, ఆ పలుకే చొరబాటుకు దారి కావచ్చును.

ఇక్కడొక ముఖ్య భేదాన్ని గ్రహించాలి. ఇంటి యజమాని బయటకు వెళ్లి సరుకులు తెచ్చుకోవడం వేరు. ఇంటి ముందు దుకాణం తెరిచి వచ్చినవారికల్లా సరుకులివ్వడం వేరు. వెబ్‌సైటు చూడడం, ఉత్తరం పంపడం, దరఖాస్తు నింపడం మొదటి కోవకు చెందినవి. వీటికి మన యంత్రంలో ఏ ద్వారమూ తెరిచి ఉంచనక్కరలేదు. కావున మన ఉదాహరణలోని విద్యార్థిని చేసుకునే పనులలో ఒక్కదానికైనా తలుపు తెరవవలసిన అవసరం లేదు. అయినా ఆమె యంత్రంలో కొన్ని తలుపులు తెరుచుకొని ఉండవచ్చును.

ఈ సంగతిని ఆమె తండ్రికి వివరిస్తే, ఆయనకు వెంటనే తోచేది తన వృత్తికి చెందిన మాటే.

“ఈ తలుపు దగ్గర ఎవరు కాపలా ఉన్నారమ్మా?”

“ఎవరూ లేరు నాన్నా. అది తెరిచి ఉందని నాకే ఈ రోజు వరకు తెలియదు.”

“దాని మీదుగా నీకేమైనా రాకపోకలు ఉన్నాయా?”

“లేవు.”

“అయితే ఆలోచించేదేముంది? మూసెయ్యి.”

రైల్వే చరిత్రలో ఈ మాటకు నిదర్శనం ఉన్నది. కాపలా లేని లెవెల్ క్రాసింగుల వద్ద ప్రాణనష్టం జరుగుతూ ఉండడం వల్ల, వాటిని ఒక్కొక్కటిగా తొలగించే కార్యక్రమాన్ని భారతీయ రైల్వేలు చేపట్టాయి. రాకపోకలు లేనివాటిని మూసివేశారు. దగ్గర దగ్గరగా ఉన్నవాటిని ఒకటిగా కలిపారు. కొన్నిచోట్ల కింది నుండి దారి నిర్మించారు. తప్పనిసరి అయిన చోట్ల మనిషిని నియమించారు. 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలా లేని గేట్లన్నీ తొలగిపోయాయి. కంప్యూటర్ యజమాని చేయవలసినదీ ఇదే: అక్కరలేని ద్వారాన్ని మూసివేయాలి, అవసరమైన ద్వారానికి కాపలా పెట్టాలి. కాపలా లేకుండా తెరిచి ఉన్న ద్వారం మాత్రం ఉండరాదు.

అనుభవం నేర్పిన పాఠాలు

ఈ హెచ్చరిక ఊహాజనితమైనది కాదు. 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలోని రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి విడుదల చేసిన ఒక కార్యక్రమం తనంత తానుగా ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి పాకినది. అప్పటి ఇంటర్నెట్‌లో ఉన్న సుమారు 60,000 కంప్యూటర్లలో దాదాపు 6,000 దాని బారిన పడినట్లు అంచనా. అది ఎంచుకున్న దారులలో ఒకటి ‘ఫింగర్’ అనే సేవ. ఒక యంత్రంలో ఎవరెవరు పనిచేస్తున్నారో బయటివారికి తెలియజేయడం దాని పని. మరొక దారి తపాలా సేవలో, పరీక్షల కొరకు పెట్టి తీయకుండా వదిలిన ఒక వెసులుబాటు. ఈ సంఘటన తరువాతనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ప్రపంచపు తొలి కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం ఏర్పడినది. మన దేశంలో ఇదే కర్తవ్యాన్ని 2004 నుండి సెర్ట్–ఇన్ నిర్వహిస్తున్నది.

2001 జనవరిలో ‘రామెన్’ అనే క్రిమి కార్యక్రమం రెడ్‌హ్యాట్ లినక్స్ 6.2, 7.0 రూపాలు అమర్చిన యంత్రాలపై దాడి చేసినది. ఫైళ్లను అందించే సేవ, ఫైళ్ల పంపిణీకి తోడ్పడే సేవ, ముద్రణ సేవ – ఈ మూడింటిలోని లోపాల ద్వారా అది ప్రవేశించినది. ఆ లోపాలకు సవరణలు అంతకు కొన్ని నెలల ముందే వెలువడ్డాయి. ఆ సేవలు తమ యంత్రంలో నడుస్తున్నవని తెలియని యజమానులు ఆ సవరణల అవసరాన్ని గుర్తించలేకపోవడంలో ఆశ్చర్యం లేదు. విచిత్రమేమంటే, ఈ క్రిమి లోపలికి వచ్చిన తరువాత తాను వచ్చిన దారులను తానే మూసివేసేది. యజమాని ముందుగా చేయవలసిన పనిని దొంగ ఆలస్యంగా చేసినట్లయినది.

2017 మే నెలలో ‘వన్నాక్రై’ అనే కార్యక్రమం ఫైళ్లలోని సమాచారాన్ని తాళం వేసి, విడుదలకు డబ్బు అడుగుతూ సుమారు 150 దేశాలలో వ్యాపించినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. ఇది విండోస్ యంత్రాలను బాధించినదే కాని లినక్స్‌ను కాదు. అయినా అది పాకిన దారి ఫైళ్లను పంచుకునే సేవే, 445వ పోర్టే. లినక్స్‌లో ఆ పనిని చేసే సాంబాలో కూడా అదే నెల 24వ తేదీన ఒక తీవ్రమైన లోపం వెల్లడైనది. అది 2010 నుండి అందులో ఉన్నదే. ఏడు సంవత్సరాల వరకు బయటపడలేదు.

ఇటీవలి ఉదాహరణ మరింత బోధప్రదమైనది. 2024 సెప్టెంబరు 26న సీమోన్ మార్గరితెల్లి అనే ఇటలీ పరిశోధకుడు లినక్స్ ముద్రణ వ్యవస్థలో కొన్ని లోపాలను వెల్లడించాడు. నెట్‌వర్క్‌లోని ప్రింటర్లను తనంత తానుగా కనుగొనే ‘కప్స్–బ్రౌజ్డ్’ అనే సేవ 631వ పోర్టు వద్ద ఎవరు ఏమి చెప్పినా నమ్మేది. బయటివాడు తన యంత్రమే ప్రింటర్ అని చెప్పి నమ్మించవచ్చును. ఇంటివారు ఆ బూటకపు ప్రింటర్‌కు ఏదైనా ముద్రించమని పంపిన క్షణాన, అతడి ఆజ్ఞ ఇంటి యంత్రంలో అమలు కాగలదు. ఇంట్లో ప్రింటరే లేనివారి యంత్రాలలో కూడా ఈ సేవ నడుస్తూ ఉండే అవకాశమున్నది. దానిని ముందే ఆపివేసిన యంత్రానికి మాత్రం ఈ దారిన ముప్పు లేదు.

ఈ ఉదాహరణల నుండి తేలే సత్యం ఒక్కటే. ఏ సేవలో రేపు ఏ లోపం బయటపడునో ఎవరూ చెప్పలేరు. కానీ నడవని సేవలోని లోపం నెట్‌వర్క్ మీదుగా ఎవరికీ అందదు.

‘మా ఇంట్లో దోచుకునేదేమున్నది?’

చాలామంది వేసే ప్రశ్న ఇది. దీనికి రెండు సమాధానాలు ఉన్నవి. మొదటిది, పింఛను కాగితాలు, ధ్రువపత్రాలు, చిత్రాలు, పాటలు చిన్న సంపద కాదు. రెండవది, చొరబాటుదారుకు కొన్నిసార్లు కావలసినది మన సమాచారం కాదు, మన యంత్రమే. 2016లో ‘మిరాయ్’ అనే కార్యక్రమం ఇళ్లలోని కెమెరాలు, రౌటర్లు మొదలైన పరికరాలలో తెరిచి ఉంచిన టెల్నెట్ సేవ ద్వారా, కర్మాగారంలో పెట్టిన రహస్యపదాలను మార్చని కారణంగా, ప్రవేశించినది. ఆ పరికరాలలో అనేకం లినక్స్ మీద నడిచేవే. అలా చేజిక్కించుకున్న పరికరాలన్నింటినీ ఒక్కసారిగా ఉపయోగించి, అదే సంవత్సరం అక్టోబరు 21న పేరుమోసిన అనేక వెబ్‌సైట్లను కొన్ని గంటలపాటు అందకుండా చేశారు. తమ కెమెరా ఇతరుల మీద రాళ్లు రువ్వుతున్నదని వాటి యజమానులలో ఎందరికి తెలిసి ఉంటుంది? ఇంటి యంత్రాన్ని శుభ్రంగా ఉంచుకోవడం ఇంటి ముందు వీధిని శుభ్రంగా ఉంచడం వంటిదే, అది పౌరధర్మం. ఈ భావంతోనే సెర్ట్–ఇన్ 2017లో ‘సైబర్ స్వచ్ఛతా కేంద్రం’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించినది.

‘రౌటర్ ఉన్నది కదా, బయటివారు లోపలికి రాలేరు’ అనే భరోసా కూడా పాక్షికమే. ఇంటి రౌటర్ సాధారణంగా బయటి పిలుపులను అడ్డుకుంటుంది. కానీ అదే కంప్యూటర్‌ను హాస్టల్‌లోనో, కళాశాలలోనో, రైల్వే స్టేషన్‌లోనో ఉన్న వైఫైకి కలిపినప్పుడు, అదే నెట్‌వర్క్‌లో అపరిచితులు అనేకులు ఉంటారు. ఐపీవీ6 అనే కొత్త చిరునామా పద్ధతిలో ప్రతి యంత్రానికీ బయటి ప్రపంచానికి తెలిసే చిరునామా లభించవచ్చును. కావున కోటగోడను నమ్ముకొని ఇంటి తలుపు తెరిచి నిద్రించడం వివేకం కాదు.

మూసే విధానం

ఈ పనికి నాలుగు మెట్లు ఉన్నవి. ఇందులో పేర్కొన్న ఆజ్ఞల ఉచ్చారణ మాత్రమే ఇక్కడ ఇవ్వబడినది. వాటిని టెర్మినల్‌లో ఆంగ్ల అక్షరాలతో, చిన్న బడి అక్షరాలలో టైపు చేయవలసి ఉంటుంది.

మొదటి మెట్టు, చూడడం. ‘సుడో’ అనే మాటను ముందు చేర్చి, ‘ఎస్ఎస్’ అనే రెండక్షరాల ఆజ్ఞను ఇచ్చి, ఒక అడ్డగీత తరువాత టి, యు, ఎల్, పి, ఎన్ అనే అయిదు అక్షరాలను కలిపి వ్రాయాలి. టి, యు అనేవి రెండు రకాల రవాణా పద్ధతులైన టీసీపీ, యూడీపీలను సూచిస్తాయి. ఎల్ అంటే చెవి ఒగ్గి ఉన్న ద్వారాలనే చూపుమని. పి అంటే ఆ ద్వారం వద్ద కూర్చున్న కార్యక్రమం పేరు చెప్పుమని. ఎన్ అంటే పోర్టును సంఖ్యలలోనే చూపుమని అర్థం. ఈ ఆజ్ఞతో యంత్రంలో తెరిచి ఉన్న ద్వారాల పట్టిక తెర మీదకు వస్తుంది. ఆ పట్టికను ఒక కాగితం మీద వ్రాసుకోవడం మంచిది.

రెండవ మెట్టు, చిరునామాను చదవడం. ప్రతి పోర్టు సంఖ్యకు ముందు ఒక చిరునామా ఉంటుంది. అది 127తో మొదలైనట్లయితే, లేదా ఐపీవీ6లో రెండు జతల చుక్కల తరువాత 1 ఉన్నట్లయితే, ఆ ద్వారం ఇంటిలోపలి గదుల నడుమ తలుపు వంటిది. బయటి యంత్రాలకు అది అందదు. నాలుగు సున్నాలు గాని, నక్షత్రపు గుర్తు గాని, సంఖ్య లేని రెండు జతల చుక్కలు గాని ఉంటే, అది వీధి తలుపు. శ్రద్ధ చూపవలసినది ముందుగా ఈ వీధి తలుపుల మీదనే. 53వ పోర్టు 127.0.0.53 అనే చిరునామాతో కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చడానికి యంత్రం తనలో తాను వాడుకునే తలుపు అది.

మూడవ మెట్టు, నిర్ణయించడం. పట్టికలోని ఒక్కొక్క పేరునూ పట్టుకొని, ‘దీనితో నాకేమి పని?’ అని ప్రశ్నించుకోవాలి. దూరం నుండి తన కంప్యూటర్‌లోకి ఎన్నడూ ప్రవేశించనివారికి ఎస్ఎస్‌హెచ్ సేవ అక్కరలేదు. ఇతరుల యంత్రాలలోకి వెళ్లడానికి వాడే భాగం వేరు. సేవను ఆపినా అది పనిచేస్తూనే ఉంటుంది. మరొక కంప్యూటర్‌తో ఫైళ్లు పంచుకోనివారికి సాంబా గాని, ఎన్ఎఫ్ఎస్ గాని, దానికి తోడుగా 111వ పోర్టు వద్ద ఉండే ‘ఆర్‌పీసీబైండ్’ గాని అవసరం లేదు. ప్రింటర్ లేని ఇంట్లో ముద్రణ సేవలు ఎందుకు? నెట్‌వర్క్‌లోని పరికరాలను పేరుపెట్టి వెదికే ‘అవాహి’ అనే సేవ 5353వ పోర్టు వద్ద ఉంటుంది. వైఫై ప్రింటర్ వంటివి వాడనివారు దానిని కూడా ఆపవచ్చును. పాఠం నేర్చుకొనుటకై అమర్చిన వెబ్ సర్వర్, డేటాబేసు వంటివి పాఠం ముగిసిన తరువాత కూడా నడుస్తూ ఉండడం విద్యార్థుల యంత్రాలలో తరచు కనిపించే పొరపాటు.

నాలుగవ మెట్టు, మూయడం. నేటి లినక్స్ పంపిణీలలో అధిక భాగం ‘సిస్టమ్‌డీ’ అనే వ్యవస్థ ద్వారా సేవలను నిర్వహిస్తాయి. దానికి ఆజ్ఞలిచ్చే సాధనం ‘సిస్టమ్‌సీటీఎల్’. ‘స్టాప్’ అంటే సేవ ఇప్పటికి ఆగుతుంది. కానీ యంత్రాన్ని మరల వేసినప్పుడు మరల లేస్తుంది. ‘డిజేబుల్’ అంటే ఇకమీదట యంత్రం వేసినప్పుడు తనంత తానుగా లేవదు. కానీ ఈ క్షణాన నడుస్తున్నది నడుస్తూనే ఉంటుంది. కావున రెండూ చేయాలి. డిజేబుల్‌కు ‘నౌ’ అనే మాటను చేరిస్తే రెండు పనులూ ఒకేసారి పూర్తవుతాయి. కొన్ని సేవలకు తోడుగా అదే పేరుతో ‘సాకెట్’ అనే భాగం ఉంటుంది. అది ద్వారం వద్ద తాను కూర్చొని, ఎవరైనా తట్టినప్పుడు నిద్రిస్తున్న సేవను లేపుతుంది. ముద్రణ సేవకు ఇటువంటి తోడు ఉన్నది. కొన్ని పంపిణీలలో ఎస్ఎస్‌హెచ్‌కూ ఉన్నది. సేవతో పాటు దానిని కూడా ఆపివేయాలి. మరొక కార్యక్రమం కోరినా సేవ లేవకూడదనుకుంటే ‘మాస్క్’ అనే ఆజ్ఞ ఉన్నది. అది తలుపుకు మేకులు కొట్టడం వంటిది. ఎన్నటికీ అక్కరలేదని నిశ్చయించుకున్న కార్యక్రమాన్ని యంత్రం నుండి పూర్తిగా తొలగించడం అన్నింటికన్న మేలు. లేని గేటుకు కాపలా అక్కరలేదు.

ఇవన్నీ చేసిన తరువాత ఫైర్‌వాల్‌ను కూడా అమలులో పెట్టడం మంచిది. ఉబుంటు వంటి పంపిణీలలో ‘యూఎఫ్‌డబ్ల్యూ’ అనే సాధనం ముందే అమర్చి ఉంటుంది, కాని అమలులో ఉండదు. దానిని యజమానే ప్రారంభించాలి. బయటి నుండి వచ్చే పిలుపులన్నింటినీ తిరస్కరించి, లోపలి నుండి వెళ్లేవాటిని అనుమతించే సాధారణ నియమం ఇంటి యంత్రానికి సరిపోతుంది. అయితే ఫైర్‌వాల్ రెండవ రక్షణయే. తలుపులు తెరిచి ఉంచి కంచె మీద ఆధారపడిన ఇంటికి, కంచెలో ఒక్క సందు పడినా చాలు.

మూయరాని తలుపులు

అత్యుత్సాహం కూడా కీడు చేస్తుంది. నెట్‌వర్క్‌కు కలిపే ‘నెట్‌వర్క్ మేనేజర్’, కార్యక్రమాల నడుమ సందేశాలను చేరవేసే ‘డీబస్’, లాగిన్ తెరను చూపే సేవ – వీటిని ఆపితే యంత్రమే పనికిరాకుండా పోవచ్చును. గడియారాన్ని సరిచేసే సేవను కూడా అలాగే ఉంచాలి. కంప్యూటర్ కాలం తప్పితే, వెబ్‌సైట్ల ధ్రువీకరణ పత్రాల గడువును అది సరిగా పరిశీలించలేదు. బ్యాంకు వెబ్‌సైటు కూడా తెరుచుకోకపోవచ్చును. సవరణలను తెచ్చి అమర్చే సేవను ఆపడం కాపలాదారునే ఇంటికి పంపడం వంటిది. తెలియని పేరు కనిపించినప్పుడు దాని సంగతి తెలుసుకున్న తరువాతనే చేయి వేయాలి. ఒక్కసారి ఒక్క సేవనే ఆపి, యంత్రాన్ని మరల వేసి, అన్నీ సరిగా ఉన్నవని చూసుకొని, కాగితం మీద ఆ సేవ పేరు, తేదీ వ్రాసుకోవాలి. ఏదైనా చెడితే, చెడినదేదో ఆ కాగితమే చెబుతుంది.

పని ముగిసిన తరువాత మొదటి మెట్టులోని ఆజ్ఞనే మరల ఇచ్చి, కొత్త పట్టికను పాతదానితో పోల్చుకోవాలి. యంత్రాన్ని ఒకసారి ఆపి మరల వేసిన తరువాత ఇంకొకసారి చూడాలి. కొత్త కార్యక్రమం అమర్చినప్పుడు, పెద్ద సవరణ జరిగినప్పుడు మూసిన తలుపులు మరల తెరుచుకొని ఉండవచ్చును. కావున నెలకొకసారి ఈ పట్టికను చూసుకోవడం మంచి అలవాటు. ఇంట్లోని మరొక కంప్యూటర్ నుండి ‘ఎన్‌మ్యాప్’ అనే సాధనంతో తలుపులు తట్టి చూడవచ్చును. అయితే ఈ పరీక్ష తన యంత్రం మీదనే చేయాలి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లలో ప్రవేశించడాన్ని 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం నిషేధిస్తున్నది.

ఇది తీర్చలేని భయాలు

తలుపులు మూసినంత మాత్రాన అన్ని ఆపదలూ తొలగవు. మోసపు ఉత్తరంలోని లంకెను స్వయంగా నొక్కినవారిని, అపరిచితుని పెన్‌డ్రైవ్‌ను తగిలించినవారిని, ఒకే రహస్యపదాన్ని అన్నిచోట్లా వాడేవారిని ఈ పద్ధతి కాపాడలేదు. వీధి తలుపు మూసి ఉన్నా, ఇంటివారే చేయి పట్టుకొని లోపలికి తీసుకొచ్చిన దొంగను తలుపు ఆపలేదు కదా! డిస్కు చెడిపోతే నాయనమ్మ పాటలు చొరబాటుదారు లేకుండానే మాయమవుతాయి. అందుచేత ముఖ్యమైన ఫైళ్ల ప్రతిని వేరొక డిస్కులో వ్రాసి, దానిని కంప్యూటర్ నుండి విడదీసి భద్రపరచుకోవాలి.

అయినా సేవలను మూసే పనికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఇతర జాగ్రత్తలకు నిత్యం మెలకువ కావాలి; దీనికి ఒక సాయంకాలం, తరువాత నెలకొక పది నిమిషాలు చాలును. దీనికి కొత్త పరికరం కొననక్కరలేదు. పాఠశాలల, కళాశాలల గ్రంథాలయాలలోని లినక్స్ యంత్రాలకూ ఇది అంతే వర్తిస్తుంది. ఆ యంత్రాలను నిర్వహించేవారి అనుమతితో, వారి సమక్షంలో, విద్యార్థులు ఈ పట్టికను తీసి పరిశీలించినట్లయితే, కంప్యూటర్ లోపల జరిగేదేమిటో పుస్తకంలోని బొమ్మ కన్న స్పష్టంగా బోధపడుతుంది.

మరల లాల్‌ఖదాన్‌లోని మన ఉదాహరణకు వద్దాం. పట్టికలో ఆ విద్యార్థినికి వీధి తలుపులు నాలుగు కనిపించాయనుకుందాం: ముద్రణ సేవ, అవాహి, ఎస్ఎస్‌హెచ్, ఎప్పుడో పాఠం కొరకు అమర్చిన వెబ్ సర్వర్. ఇంట్లో ప్రింటర్ లేదు. బయటి నుండి ఆ యంత్రంలోకి వచ్చేవారు లేరు. పాఠం ముగిసి ఏడాది గడిచినది. ఆ సాయంకాలం ఆమె నాలుగింటినీ ఒకదాని తరువాత ఒకటిగా మూసినది. ఆ తరువాత కూడా ఆమె పరీక్ష దరఖాస్తు నింపుకున్నది, తండ్రి పింఛను వివరాలు చూసినది, నాయనమ్మ చెప్పిన మరొక పాటను టైపు చేసుకున్నది. ఏ పనీ ఆగలేదు. ఆ నాలుగు తలుపులలో ఒక్కటి కూడా ఆ ఇంటికి అక్కరలేదనడానికి ఇంతకన్న నిదర్శనం వేరే అవసరం లేదు.